సముద్రానికి పూత వచ్చే నెల

కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో సుందరి టీచరు అద్దెకుండే మేడ మీద నిలబడితే గంగ కనబడదు. ఒక పక్క రేవు క్రేన్ల మెడలు, ఒక పక్క మసీదు మినార్లు, మధ్యలో ఆరేసిన బట్టలు కనబడతాయి. అయినా ఆవిడ రోజూ పొద్దున్నే రాగిచెంబుతో నీళ్ళు పట్టుకుని మేడెక్కి, తూర్పింటి కప్పు మీదుగా తొంగిచూసే సూర్యుడికి అర్ఘ్యం విడిచి, అరసవల్లి స్వామిని తలుచుకుని గానీ కిందికి దిగేది కాదు. ఆ నీళ్ళు ఆవిడ పట్టుకున్నవి కావు. కింది వాటాలో ఉండే రజియాబీ, కుళాయి రాగానే ముందు సుందరి బిందె నింపి, ఆ తరవాతే తన బిందె పెట్టుకునేది. ఎందుకని సుందరి అడగలేదు, ఆవిడా చెప్పలేదు. "దేవుడి నీళ్ళకి ఆలస్యం కాకూడదు కదా" అని ఆవిడ ఇంకెవరితోనో అంటుంటే ఒకనాడు మెట్ల మీద చెవిన పడింది. ఆ రోజు సుందరి అర్ఘ్యం రెండుసార్లు ఇచ్చింది, ఒకటి రజియాబీ పేరున.

సుందరి తండ్రి గవరయ్యది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం దగ్గర సముద్రపొడ్డు పల్లె. కలకత్తా రేవులో ఓడలకి రంగులేసే పని ఆయనది. నీళ్ళు తోడేసిన డాకులో ఓడని నిలబెడితే, దాని పక్కన తాళ్ళకి కట్టిన పలక మీద వేలాడుతూ తుప్పు గోకాలి, గోకిన చోట ఎర్ర పూత పూయాలి, అది ఆరాక పై రంగు వెయ్యాలి. పలకకి ఒక కొసన గవరయ్య కూర్చుంటే, రెండో కొసన ఆయన ఊరివాడే బైరాగి కూర్చునేవాడు. ఒకడు లేస్తే రెండోవాడు పడిపోతాడు గనక ఇద్దరూ ఒకేసారి లేవడం, ఒకేసారి కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఇళ్ళలో కూడా అలాగే లేచేవాళ్ళని వీధిలో నవ్వుకునేవారు.

సుందరి అయిదో తరగతి దాకా పల్లెలో అమ్మమ్మ దగ్గరే చదివింది. ఆ బడిలో సోములు మాస్టారని ఒకాయన ఉండేవారు. ఆయన దగ్గర పుస్తకాలు తక్కువ, మాటలు ఇంకా తక్కువ. పిల్లల్ని ఒడ్డుకి తీసుకుపోయి, తిరిగొచ్చాక ఏం చూశారో చెప్పమనేవారు. ఎవరైనా గొప్పకి చూడనిది కలిపితే, "చూసింది చూశానని చెప్పు నాయనా, చూడనిది చూడలేదని చెప్పు. రెండూ చదువే" అనేవారు. తరవాత సుందరిని హౌరా బండి ఎక్కించి కలకత్తా తెచ్చారు. ఇక్కడ పెద్ద చదువులు చదివింది, సైన్సు టీచరైంది. రేవు కూలీలు తలా ఇంత వేసుకుని కట్టుకున్న తెలుగు బడిలోనే చేరింది. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా తండ్రి దగ్గు ఎక్కువయ్యేది. తుప్పు పొడీ రంగు వాసనా పీల్చి పీల్చి ఆయన రొమ్ము పాడైపోయింది. చివరి రోజుల్లో ఆయన మంచం మీద కూర్చుని గాలి కోసం నోరు తెరుస్తుంటే సుందరి విసనకర్రతో విసిరేది. విసిరినంత మాత్రాన ఊపిరి రాదని ఆవిడకి తెలుసు. చెయ్యి మాత్రం ఆగేది కాదు.

సోములు మాస్టారి మాట ఆవిడకి మళ్ళీ అక్కరకొచ్చే పని చాలా ఏళ్ళ తరవాత, ఒక వేసవిలో మొదలైంది.

అప్పటికి ఎర్ర జెండా సర్కారు వచ్చి దగ్గర దగ్గర మూడు దశాబ్దాలవుతోంది. టీచర్లకి సెలవుల్లో శిక్షణ పెట్టారు. సముద్రాల గురించి పాఠం చెప్పడానికి గోపీనాథ్ అని ఒక బెంగాలీ ప్రొఫెసరు వచ్చాడు. సన్నటి మనిషి, జుబ్బా జేబుకి ఎప్పుడూ సిరా మరక. ఆయన గదిలో దీపాలార్పి, తెర మీద బంగాళాఖాతం బొమ్మ వేశాడు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం సముద్రపు రంగుని చూసి పంపిన లెక్కల నుంచి తయారైన బొమ్మ అది. నీలం, ఆకుపచ్చ, పసుపు, అక్కడక్కడ ఎరుపు. సముద్రం పైనీటిలో కంటికి ఆనని మొక్కలు తేలుతుంటాయనీ, నీలం ఉన్న చోట అవి తక్కువనీ, ఎరుపు ఉన్న చోట కిక్కిరిసి ఉన్నాయనీ చెప్పాడు. ఒక్కొక్క నెల బొమ్మ మారుస్తూ పోతే, కళింగపట్నం ఎదట నీలంగా ఉన్న నీరు మాఘం వెళ్ళేసరికి పచ్చబడి, ఫాల్గుణంలో ఎర్రబారి, మళ్ళీ ఎండలు ముదిరేసరికి చల్లగా నీలంలోకి జారిపోయింది.

"ఈ భూమ్మీద మనం పీల్చే ప్రాణవాయువులో ఇంచుమించు సగం వీటి పుణ్యమే" అన్నాడు గోపీనాథ్ మామూలుగా, టీ కప్పు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ.

సుందరి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. తను ఆడుకున్న నీళ్ళు. అమ్మమ్మ గంగమ్మకి పసుపూ కుంకుమా వేసిన నీళ్ళు. ఆ నీళ్ళు ఏడాదికోసారి ఇలా ప్రాణాలతో నిండిపోతాయని అక్కడ పుట్టిన తనకి తెలియదు. రోజూ తను దణ్ణం పెట్టే సూర్యుడి వెలుగునే తిని, ఎవరికీ కనబడని ప్రాణులు లోకానికంతటికీ ఊపిరి పోస్తున్నాయి. దీపాలు వెలిగాక పక్కనున్న బెంగాలీ టీచరమ్మ "ఏం దిది, కంట్లో నలక పడిందా?" అంటూ తన రుమాలు ఇచ్చింది. ఆ రుమాలు ఉతికి తిరిగి ఇచ్చేదాకా సుందరికి ఆ బొమ్మ కళ్ళ ముందు నుంచి పోలేదు.

మా పిల్లలకి ఇది చూపిస్తారా అని అడిగితే గోపీనాథ్ కాసేపు తల గోక్కుని, శనివారాలు తన కాలేజీ గదిలో కంప్యూటరు ఖాళీగా ఉంటుంది, తీసుకురండి అన్నాడు.

ఆ చలికాలం మొదట్లోనే బడి కమిటీ కూర్చుంది. రేవులోకి పెద్ద పెద్ద ఇనప పెట్టెలు వచ్చాక కూలీలతో పని తగ్గింది. ఉన్నవాళ్ళు పిల్లల్ని హిందీ బడికో ఇంగ్లీషు బడికో పంపుతున్నారు. తొమ్మిదీ పదీ కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టినా ఇంకా బెంచీలు మిగిలేవి. కమిటీ పెద్ద ఇప్పుడు బైరాగి. రొమ్ములో ఆయనకీ అదే జబ్బు, జేబులో పీల్చుకునే మందు డబ్బా.

"అమ్మీ, నీ మీద కోపం కాదు" అన్నాడాయన. "తెలుగులో నీవు సెప్పే సదువు మా కాలందే. ఇప్పుడు కంపూటర్లొచ్చినాయి. ఆ కొత్త సదువు తెలుగులో ఎక్కడుంది? పెద్ద తరగతులు ఎత్తేద్దాం. గుంటల్ని హిందీ బడికి అంపేద్దాం."

"తెలుగులో లేదని ఎవరన్నారు చిన్నాన్నా?"

"ఉంటే సూపించు. ఉగాది నాడు సభలో గుంటల సేత సెప్పించు. నువ్వు మాటాడకూడదు. నాకర్థమైతే తరగతి ఉంచుదాం."

"నీకు అర్థం కాకపోతే?"

"నాకర్థం కానిది ఈ వీధిలో ఇంకెవుడికి అర్థమవుతాదే?"

కమిటీలో చిన్నవాడు రఘురాం, రేవు ఆఫీసులో గుమస్తా, పక్కకి తిరిగి నవ్వాడు. అలా ఆ తరగతి బతుకు ఉగాదికి ముడిపడింది.

మొదటి చిక్కు మాట దగ్గరే వచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ మాట్లాడే పిల్లలు వాళ్ళు. తెలుగు చదవమంటే కూడబలుక్కుంటారు. పుస్తకంలో ఆ మొక్కల పేరు వృక్షప్లవకాలు అని ఉంది. బోర్డు మీద రాస్తే, ఓడ పెయింటరు అప్పలసూరి కొడుకు మల్లేశు చెయ్యెత్తాడు.

"వృక్షమంటే పెద్ద చెట్టు కదా టీచరమ్మా. కంటికి కనబడకపోతే వృక్షమేటి?"

సుందరి బోర్డు వైపు తిరిగింది. ఆ మాట తుడిచేసి, "సముద్రంలో చిట్టి మొక్కలనుకోండి. ఒక్కో కాలంలో అవి కోట్లకి కోట్లు పెరుగుతాయి. అప్పుడు సముద్రానికి పూత వచ్చింది అందాం. సరేనా?" అంది. పూత అన్న మాట నోటికొచ్చినప్పుడు ఆవిడ కళ్ళలో అమ్మమ్మ పెరటి మామిడిచెట్టు ఉంది. పిల్లలు బుద్ధిగా తలలూపారు.

ఆ తలలూపులోని సంగతి పరీక్ష కాగితాల్లో బయటపడింది. మల్లేశు రాశాడు: 'ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రానికి ఎర్ర పూత పూస్తారు. అందువల్ల తుప్పు పట్టదు.' ఇంకొకడు ఒక వరస చాలదని రెండు వరసలు పూయాలని రాశాడు. సుందరి నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆగాక ఆలోచనలో పడింది. పిల్లల తప్పేముంది? వాళ్ళ ఇళ్ళలో పూత అంటే ఓడకి వేసేదే. తెర మీద బొమ్మ కూడా ఎర్రగానే ఉంది మరి. ఆ ఎరుపుని చూసి మొదటి శనివారమే ఒకడు, "ఎర్రగా ఉంటే పార్టీ బలంగా ఉన్న చోటా సార్?" అని అడిగితే గోపీనాథ్ కుర్చీలోంచి జారినంత పని చేశాడు.

సరస్వతీ పూజ రోజుల్లో సుందరి పిల్లల్ని వెంటబెట్టుకుని అలీపూర్ వైపు ఒక పాత బంగళా దగ్గరికి తీసుకుపోయింది. గేటు కాపలా ముసలాయన ఎందుకొచ్చారని అడిగాడు. చెట్టు చూడ్డానికి అంటే ఆశ్చర్యపోయి, తాళం తీసి, తన స్టూలు తెచ్చి టీచరుకి వేశాడు. లోపల మామిడిచెట్టు ఆకు కనబడకుండా పూసి ఉంది. కింద నేలంతా పసుపు పొడి, పైన తేనెటీగల రొద.

"ఓ, ముకుల్!" అంది అప్పమ్మ, మామిడి పువ్వుని బెంగాలీ పేరుతో పిలుస్తూ. కార్పొరేషన్‌లో వీధులూడ్చే కాసులమ్మ కూతురు ఆ పిల్ల. ఎప్పుడూ వెనక బెంచీ, ఎప్పుడూ నెమ్మది. "సరస్వతమ్మకి పెడతారు కదా. ఇదేనా టీచరమ్మా మీరన్న పూత?"

"ఇదే తల్లీ."

"అయితే ఎవరూ పుయ్యక్కర్లేదు" అంది ఆ పిల్ల, చెట్టు వైపే చూస్తూ.

ఆ రోజు నుంచి పని సాగింది. గోపీనాథ్ గదిలోని అచ్చు యంత్రం నల్ల సిరాతోనే అచ్చేసేది. రంగుల బొమ్మ రాదు, గళ్ళలో అంకెలు మాత్రం వస్తాయి. ఒక్కో గడి సముద్రంలో ఒక్కో తావు. ఏ గడిలో ఎంత పచ్చదనం ఉందో ఆ అంకె చెబుతుంది. పిల్లలు పక్కపక్క గళ్ళని కలిపి సరాసరి కట్టేవారు, అంకెని బట్టి రంగు నిర్ణయించేవారు. ఆ రంగులు కాగితం మీద వెయ్యలేదు. మెటియాబ్రుజ్‌లో బట్టలు కుట్టే ఖలీల్ చాచా దుకాణం నుంచి కత్తిరింపు ముక్కలు తెచ్చి, చదరంగా కోసి, పాత చీర మీద అతికి కుట్టారు. నెలకొక మడి చొప్పున ఏడాది సముద్రం బొంతలా తయారవుతూ వచ్చింది. ఖలీల్ చాచా మొదట గుడ్డపీలికలు మూట కట్టిచ్చాడు. సంగతి తెలిశాక రంగులవారీగా ఏరి పెట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి ఎరుపు తక్కువైతే, "ఆగండి, పెళ్ళి లెహంగా ఒకటి వస్తోంది. సముద్రాన్ని కాసేపు ఆగమనండి" అన్నాడు.

ఒక శనివారం బంద్ వచ్చింది. బస్సుల్లేవు, ట్రాముల్లేవు. పిల్లలు రారనుకుంటూ సుందరి బడి గేటు దగ్గరికి వెళితే అందరూ నిలబడి ఉన్నారు. నడిచే వెళ్ళారు. కాలేజీ వాచ్‌మన్ తలుపు తీసి, "ఇవాళ ఎవరూ రారు దిది" అంటూనే లోపల కిటికీలు తెరిచిపెట్టాడు. కాసేపటికి గోపీనాథ్ సైకిలు మీద చెమటలు కక్కుతూ వచ్చాడు. మీరొస్తారని నాకు అనుమానం వచ్చింది అని మాత్రం అన్నాడు. ఆయన డబ్బాలోని లూచీ పూరీలు తలా ముక్క తుంచుకున్నారు.

వానాకాలం నెలలకి వచ్చేసరికి చాలా గళ్ళలో అంకె లేదు. మబ్బులు కమ్మితే ఉపగ్రహం కన్నుకి సముద్రం కనబడదు. మల్లేశు, అటూ ఇటూ పసుపే ఉంది గనక మధ్యలో కూడా పసుపే కుట్టేద్దామన్నాడు. సుందరి ఒప్పుకోలేదు. తెల్ల గుడ్డ పెట్టించింది. "చూడనిది చూడలేదని చెప్పాలి" అంది. ఆషాఢ శ్రావణాల మడులు తెల్లటి గుడ్డలతో నిండాయి.

బొంత అంతటిలో సుందరికి ప్రాణమైన చోటు పై అంచున ఉంది. గంగ వచ్చి సముద్రంలో కలిసే చోటు. అక్కడ అంకెలు అన్ని నెలల్లోనూ ఎక్కువే. ప్రతి మడిలోనూ ఆ మూల ఎర్రగా మండుతోంది. "చూశారా, మన గంగమ్మ వాకిట ఏడాది పొడుగునా పూతే" అని పిల్లలకి చెప్పింది. చెబుతూ ఉంటే ఒళ్ళు పులకరించింది. రోజూ పేరు తలిచే తల్లి, సముద్రుడి గుమ్మంలో ఎన్నడూ వాడని తోరణం కట్టినట్టు తోచింది. ఉగాది సభకి అదే మొదటి మాటగా పెట్టుకోమంది.

ఫాల్గుణం సగం గడిచాక, ఒక మధ్యాహ్నం బొంతకి అంచు కుడుతూ అప్పమ్మ సూది ఆపింది.

"టీచరమ్మా, ఏడాదంతా పూసే మామిడిచెట్టు ఉంటాదా?"

"ఉండదు. ఏం?"

"మరి ఇక్కడేటి, పూత పోనే పోదు? కళింగపట్నం కాడ చూడండి. వస్తాది, పోతాది. అది పూత. ఇది మల్లేశు నాన్నోళ్ళు పూసినట్టుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సుందరి నవ్వలేదు. ఆ ఎర్రటి మూల వైపు చాలాసేపు చూసింది.

శనివారం దాకా ఆగలేక మర్నాడే కాలేజీకి వెళ్ళి గోపీనాథ్‌ని అడిగింది. ఆయన విని, నెమ్మదిగా కళ్ళద్దాలు తీశాడు.

"దిది, చెప్పాననుకున్నాను. చెప్పలేదు కదూ? అక్కడ ఉన్నది చాలామటుకు మట్టి. నదీముఖం దగ్గర నీరు ఎప్పుడూ బురదగా ఉంటుంది. అంత ఎత్తు నుంచి చూసే కన్ను ఆ బురదని చూసి పచ్చదనమనుకుంటుంది. ఆ అంకెల్ని మేమూ నమ్మం."

"అంటే అక్కడ పూత లేదా?"

"ఉండొచ్చు. ఈ అంకెలతో చెప్పలేం." ఆవిడ ముఖం చూసి ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "కానీ ఆ మట్టి ఊరికే పోదు దిది. హిమాలయాల నుంచి తెచ్చిన సారమంతా దాన్లో ఉంది. ఇంకా లోపలికి పోయాక మట్టి అడుక్కి దిగుతుంది, నీరు తేటపడుతుంది, ఎండ దిగుతుంది. ఆ సారం అప్పుడు ఆ మొక్కలకి తిండి. మీ గంగమ్మ తను పూయదేమో గానీ, పూసేవాళ్ళకి వండి పంపుతుంది."

సుందరి తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే నెమరేసుకుంది. తోరణం కట్టిందనుకున్న తల్లి వంటింట్లో ఉంది. చేతులకి మట్టి అంటుకుని ఉంది. ఎందుకో ఇంతకుముందు కన్నా ఇప్పుడే ఎక్కువ దణ్ణం పెట్టాలనిపించింది.

పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎర్ర ముక్కలన్నీ ఊడదీయాలి. వాటి చోట ఏ రంగు పెట్టాలి? అప్పమ్మే, మట్టికి మట్టే పెడదామంది. అందరూ మెటియాబ్రుజ్ ఘాట్‌కి పోయి, తెల్ల గుడ్డ ముక్కల్ని గంగ బురదలో ముంచి, మెట్ల మీద ఎండబెట్టారు. ఫెర్రీ నడిపే మనిషి పడవ కట్టి చూస్తూ, "రంగు దుకాణాల్లేవా ఊళ్ళో?" అన్నాడు. చూసిచూసి ఊరుకోలేక, ఒడ్డు బురదలో ఇసుక ఎక్కువని, తనే పడవ అంచు నుంచి వంగి మెత్తటి బురద తీసిచ్చాడు. ఉగాది ముందు రోజుల్లో కుట్లు విప్పి కుట్లు వేస్తుంటే ఆ గదంతా నది వాసన వేసింది.

ఉగాది నాడు బడి వరండా నిండింది. వేపపువ్వు పచ్చడి దొప్పల్లో పంచారు. బొంతని గోడకి కట్టారు. ముందు వరసలో బైరాగి, పక్కన రఘురాం, వెనక ఆడవాళ్ళు. గోపీనాథ్ కూడా వచ్చి, తెలుగు ముక్క రాకపోయినా, పచ్చడి తిని కళ్ళు చిట్లించుకుని ఒక మూల కూర్చున్నాడు. సుందరి మాట్లాడకూడదు గనక స్తంభం పక్కన నిలబడింది.

అప్పమ్మ ముందుకొచ్చింది. "సముద్రంలో కంటికి కనబడని మొక్కలుంటాయి. కాలం వచ్చినప్పుడు సముద్రానికి పూత వస్తాది..."

"ఆగు" అన్నాడు బైరాగి. "పూతంటావు. బతుకంతా పూత పూసినోణ్ణి నాను. సముద్రానికి పూతేటి? ఎవులు పూసినారు? ఎన్ని డబ్బాలైంది?"

జనం గొల్లుమన్నారు. అప్పమ్మ సుందరి వైపు చూసింది. సుందరి చూపు తిప్పుకుంది. తిప్పుకోవడం ఎంత కష్టమో స్తంభాన్ని పట్టుకున్న చేతికి తెలుసు. నాన్న పలక మీద నుంచి జారకుండా ఉండాలని చిన్నప్పుడు ఎలా మొక్కుకునేదో, అలాగే మనసులో మొక్కుకుంది.

పిల్ల బొంత వైపు తిరిగింది. వెళ్ళి పై మూలనున్న మట్టి గుడ్డ మీద చెయ్యి వేసింది.

"పూతలు రెండు తాతా. ఒకటి పైనుంచి పూసేది. ఇదిగో, గంగలో మట్టి. నీళ్ళ పైన పూసినట్టుంటాది. అన్ని నెలల్లో ఇలాగే ఉంటాది, చూడు, పోదు." ఆ చెయ్యి తీసి కిందికి వంగి, ఫాల్గుణపు మడిలో ఎర్రటి లెహంగా ముక్కల మీద పెట్టింది. "రెండోది లోపల్నుంచి పూసేది. మావిడి పూతలాగ. ఎవులూ పుయ్యరు. వస్తాది, పోతాది, మళ్ళీ ఏడు మళ్ళీ వస్తాది. ఇది మీ ఊరి కాడే, కళింగపట్నం ఎదర. ఇప్పుడే ఉంది. నిన్ననే కదా ఫాల్గుణం ఎల్లింది."

ముందు వరసలోవాళ్ళు బొంత వైపు మెడలు చాచారు.

"మావూరి కాడా?" అన్నాడు బైరాగి.

"ఔను తాతా. దక్షిణం గాలి ఒడ్డెంబడే తోలితే పైనీరు లోపలికి పోతాది. అప్పుడు అడుగు నుంచి సల్లనీరు సారం తీసుకుని పైకొస్తాది. పైన ఎండ కాస్తాది. రెండూ కలిస్తే పూస్తాది. లోకంలో మనం పీల్చే మంచిగాలి సగం దాకా ఆ మొక్కలదే."

బైరాగి ఏదో అనబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక, మందు డబ్బా చేతిలోనే ఉంచుకుని, "అంటే నాను పీల్చేది సముద్రం ఇచ్చిందా?" అన్నాడు.

"సగం."

"మిగతాది?"

"చెట్లది."

"ఇంతమంది ఇస్తంటే మరి నాకు సాలట్లేదేల?"

వెనక నుంచి మల్లేశు, "గాలి ఉంది తాతా. నీ గొట్టం తుప్పు పట్టింది" అన్నాడు.

వాడి తండ్రి అప్పలసూరి చెయ్యెత్తాడు గానీ, అంతకుముందే బైరాగి నవ్వేశాడు. నవ్వు దగ్గులోకి, దగ్గు మళ్ళీ నవ్వులోకి పోయింది. రఘురాం నీళ్ళ గ్లాసు అందించి, ఆయన వీపు రాస్తూ నిలబడ్డాడు. కాస్త తేరుకున్నాక ఆయన లేచి, కాళ్ళు ఈడ్చుకుంటూ బొంత దగ్గరికి వెళ్ళాడు. గోళ్ళ సందుల్లో ఎన్ని స్నానాలకీ పోని రంగున్న బొటనవేలితో కళింగపట్నాన్ని తడిమాడు. తరవాత వానాకాలపు మడుల దగ్గర ఆగాడు.

"ఈ తెల్లయేటి? గుడ్డముక్కలు సాల్లేదా?"

"అక్కడ మబ్బు తాతా. కనబళ్ళేదు. చూడనిది చూడలేదని పెట్టాలన్నారు టీచరమ్మ."

"అయితే ఆ మబ్బు కింద ఏటుందో ఎవులికీ తెల్దా? కంపూటరుక్కూడా?"

"ఇంకా తెల్దు."

ఆయన ఆ తెల్లటి గుడ్డల్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డాడంటే, వెనకవాళ్ళు లేచి నిలబడి ఆయన భుజాల మీదుగా తొంగి చూశారు.

"తరగతి ఉంచండి" అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే.

"ఎత్తేద్దామని మీరే కదా అన్నారు" అన్నాడు రఘురాం.

"అన్నాను. అప్పుడికి నాకు సముద్రం తెల్దు. ఈ గుంట పెద్దదై, ఆ మబ్బు కింద ఏటుందో సూసొచ్చి నాకు సెప్పాల. హిందీలో సెప్తే నాకేటి తెలుస్తాది?"

సుందరి స్తంభాన్ని వదిలింది. గోపీనాథ్ ఏమైందో తెలియక మూల నుంచి చేతులతో సైగ చేస్తున్నాడు. కాసులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, ఆయన దొప్పలో ఇంకో గరిటె పచ్చడి వేసింది. పాపం ఆయన వద్దనకుండా తిన్నాడు.

బైరాగి ఆ ఏడు వానాకాలం చూడలేదు. మబ్బులు రాకముందే వెళ్ళిపోయాడు. తరగతి మాత్రం సుందరి టీచరు ఉద్యోగం చాలించేదాకా నడిచింది. పిల్లలు మారినా శనివారాలు మారలేదు. ప్రతి చలికాలం పాత బొంత మీద కొత్త మడులు చేరేవి, మెటియాబ్రుజ్ నుంచి గుడ్డముక్కలు ఏరికోరి వచ్చేవి. శ్రావణం మడిలో కొన్ని తెల్ల ముక్కలు తగ్గాయి, కొన్ని అలాగే ఉన్నాయి.

ఆవిడ మాత్రం రోజూ రజియాబీ పట్టిన నీళ్ళు రాగిచెంబులో పోసుకుని మేడెక్కేది. తూర్పింటి కప్పు మీద వెలుగు పడగానే అర్ఘ్యం విడిచేది. ఇదే వెలుగు ఇప్పుడు కళింగపట్నం ఎదట నీళ్ళలోకి దిగుతూ ఉంటుందని తలుచుకునేది. చెంబు కింద పెట్టి, కళ్ళు మూసుకుని, రొమ్ము నిండా ఒక్క ఊపిరి ఎక్కువ పీల్చేది. అది నాన్న వంతు.